చెక్కబిళ్లల పెట్టె మోసిన అన్న

అన్న చనిపోయాడని నాకు ఉల్లిగడ్డలు తరిగే బల్ల దగ్గర తెలిసింది. మా మెస్‌కు కూరగాయలు తెచ్చే ఆటో అతను బస్తా దించుతూ చెప్పాడు.

"అక్కా, పెట్టె అన్న లేడా, డిపార్ట్‌మెంట్ల ఉండె చూడు. మొన్న పొద్దుగాల పోయిండట. మౌలాలిల వాళ్లింట్లనే."

"ఏమైంది?"

"ఏమో. చాయ్ తాగిండట, కూసున్నోడు కూసున్నట్టే పోయిండట."

నా చేతిలో ఉల్లిగడ్డ సగం తరిగి ఉంది. మిగతా సగం కూడా తరిగాను. ఇంకా బస్తా ఉంది. ఎనిమిదిన్నరకు హాస్టల్ పిల్లలు టిఫిన్‌కు వస్తారు. పని అయ్యాక పెరట్లోకి వెళ్లి కాసేపు కూర్చున్నాను.

నేను చదివింది ఐదో తరగతి వరకే. ఉత్తరం తప్ప ఏమీ రాయలేదు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక ఆయన పెట్టెతోనే మొదలుపెడుతున్నాను.

యూనివర్సిటీలో మనుషుల మనసు గురించి చదివే డిపార్ట్‌మెంట్ ఒకటి ఉంది. అన్న అందులో అటెండర్. వారానికి రెండు రోజులు అక్కడికి చిన్నపిల్లల్ని తీసుకొచ్చేవారు. మాట రాని వాళ్లు, చదువు ఎక్కని వాళ్లు, ఒక్కచోట కూర్చోలేని వాళ్లు. వాళ్లను పరీక్ష చేసేది ఒక మేడం. ఆ పరీక్షకు కావలసిన రంగు రంగుల చెక్కబిళ్లలు ఒక పెట్టెలో ఉండేవి. గుండ్రనివి, మూడు మూలలవి, నలుచదరపువి, మొత్తం యాభై రెండు. ఆ పెట్టెను బీరువా నుంచి మేడం గదికి మోయడం, అయ్యాక మళ్లీ బీరువాలో పెట్టడం అన్న పని. నేను చూసేసరికే ఇరవై ఏళ్లుగా ఆ పనే చేస్తున్నాడు.

పెట్టె ఎత్తే ముందు భుజం మీది తువ్వాలతో మూత తుడిచేవాడు. దుమ్ము ఉన్నా లేకున్నా తుడిచేవాడు. పరీక్ష అయ్యాక వరండాలో నేల మీద కూర్చుని బిళ్లలు లెక్కపెట్టేవాడు. పెదవులు కదిలేవి, శబ్దం వచ్చేది కాదు. మధ్యలో ఎవరైనా పలకరిస్తే చెయ్యి ఎత్తి, "ఆగుండ్రి, పని నడుస్తున్నది" అనేవాడు. లెక్క తప్పితే మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టేవాడు. ఒకసారి పెద్ద ప్రొఫెసర్ గారు గదిలోంచి మూడుసార్లు బెల్లు కొట్టారు. మూడుసార్లూ ఈయన ఒకటి నుంచి లెక్కపెట్టాడు. చివరికి ప్రొఫెసర్ గారే బయటికి వచ్చి నిలబడి, యాభై రెండు అయ్యాక చాయ్ చెప్పారు.

"పని నడుస్తున్నది" అనే మాట ఆయన అన్నిటికీ వాడేవాడు. వరండాలో ఏ పిల్లవాడో బొమ్మబండిని తిరగేసి చక్రం తిప్పుకుంటూ ఉంటే, వాళ్లమ్మ రెక్క పట్టి లాగబోతే, అదే మాట. "అన్నా, తెలంగాణ ఎప్పుడొస్తదే?" అని హాస్టల్ అబ్బాయిలు అడిగితే, అప్పుడూ అదే మాట. జేబుకు జై తెలంగాణ బిళ్ల పెట్టుకుని తిరిగేవాడు. ఊరేగింపుల్లో ముందు వరుసలో నడిచేవాడు గానీ నినాదాలు ఇచ్చేవాడు కాదు. గొంతు పోతే పిల్లలతో మాట్లాడలేనని చెప్పేవాడు. నిజానికి ఆయన పిల్లలతో పెద్దగా మాట్లాడేవాడే కాదు.

ఆయన దగ్గర ఎప్పుడూ పల్లికాయలు ఉండేవి. పిల్లల ఎదుట కూర్చునేవాడు కాదు. కొంచెం దూరంగా, పక్కకు తిరిగి కూర్చుని, తన పని తనదే అన్నట్టు పల్లికాయలు ఒలుచుకునేవాడు. ఒలిచిన గింజ ఒకటి తనకూ పిల్లకూ మధ్య నేల మీద పెట్టేవాడు. పిల్ల వైపు చూసేవాడు కాదు. కాసేపటికి గింజ ఉండేది కాదు. ఇంకోటి పెట్టేవాడు, ఈసారి కొంచెం తన దగ్గరగా.

మా కూతురు అఖిల సంగతి ఆయనకు తెలిసింది ఆ పల్లికాయల వల్లే.

అఖిలకు అప్పుడు ఐదేళ్లు. మా ఇల్లు మాణికేశ్వర్ నగర్‌లో, యూనివర్సిటీ గోడకు అవతల. నేను లేడీస్ హాస్టల్ మెస్‌లో పని చేస్తాను. ఇంట్లో చూసేవాళ్లు లేక దాన్ని నాతోనే తీసుకెళ్లేదాన్ని. మూడు నెలల పిల్లగా ఉన్నప్పటి నుంచి అది మెస్‌లోనే పెరిగింది. టమాటలు ఇస్తే గోడ వెంట వరుసగా పేర్చుకునేది. ఒకటి జరిపితే తల నేలకేసి కొట్టుకునేది. మాట లేదు. పేరు పెట్టి పిలిస్తే తిరిగేది కాదు.

దానికి చెవుడని అందరికీ అనుమానం. ఒకరోజు మా వంటమాస్టర్, "ఊకె అనుకునుడెందుకు, ఇప్పుడే తేల్చేద్దాం" అని పెద్ద గరిటె తీసుకున్నాడు. అఖిల అటు తిరిగి కూర్చుని ఉంది. సాంబారు కాచే పెద్ద గిన్నెను దాని వీపు వెనక పెట్టి మూడుసార్లు కొట్టాడు. నాకు చెవులు గింగురుమన్నాయి. పిల్ల కదల్లేదు. టమాట పక్కన టమాట పెట్టుకుంది. వంటమాస్టర్ గరిటె కింద పెట్టేశాడు. ఆ రోజు ఎవరూ నన్ను ఏ పనీ చెయ్యనియ్యలేదు.

తర్వాత బస్తీలో డాక్టర్ల క్యాంపు పెట్టారు. చాలా జనం. డాక్టర్ గారు, "చప్పుడు చేస్తే తిరుగుతుందా?" అని అడిగారు. "పెద్ద గిన్నె కొట్టినా తిరగదు సార్" అన్నాను. ఆయన రాసుకున్నారు. వినపడదు అని కాగితం ఇచ్చారు. ఆ మాట చెప్పింది నేనే.

ఆ కాగితం పట్టుకుని మా ఆయన చాలా తిరిగాడు. ఆయన గోడలకు రంగులు వేసే పని చేస్తాడు. పనులు మానుకుని మరీ తిరిగి, వేరే ఊళ్లో చెవిటి పిల్లల బడిలో సీటు సంపాదించాడు. హాస్టల్ కూడా వాళ్లదే. "గాడ అందరు దీని అసుంటోల్లే ఉంటరు. చేతులతోని మాట్లాడుడు నేర్పుతరు. గీడ మనం ఏం జేస్తున్నం, టమాటలిచ్చి కూసోవెడ్తున్నం" అన్నాడు. ఆయన అన్నదాంట్లో తప్పు లేదు. సోమవారం పిల్లను తీసుకెళ్లి అప్పజెప్పాలి.

ఇది ఆ సోమవారానికి పదిహేను రోజుల ముందు సంగతి. మా హాస్టల్‌లో ఉండే ఇద్దరు అమ్మాయిలు ఆ డిపార్ట్‌మెంట్‌లో రిసెర్చ్ చేసేవారు. మధ్యాహ్నం వాళ్ల క్యారియర్లు పట్టుకెళ్లాను. అఖిలను వరండాలో కూర్చోబెట్టి లోపలికి వెళ్లి వచ్చేసరికి, అన్న దాని వెనక పది అడుగుల దూరంలో కూర్చుని ఉన్నాడు. పల్లికాయ టప్‌మని చిదిమాడు. అఖిల తల తిప్పి చూసింది. మళ్లీ అటు తిరిగింది. ఆయన కొంచెం ఆగి ఇంకోటి చిదిమాడు. మళ్లీ తిప్పింది.

"చెల్లె, గిట్ల రా" అన్నాడు. "పాపకు ఏమైందన్నరు?"

"చెవుడన్నా. కాగితం గూడ ఇచ్చిన్రు."

"ఎవలు జెప్పిన్రు?"

"డాక్టర్ సారు. గిన్నె కొట్టి గూడ చూసినమన్నా. పెద్ద గిన్నె."

"ఏడ కొట్టిన్రు?"

"మెస్‌ల."

ఆయన చేతిలోని పల్లికాయ కింద పెట్టాడు.

"పుట్టినకాంచి మెస్‌ల ఉన్న పిల్లకు గిన్నె కొడితే తిరుగుతదా అమ్మా? రోజుకు వెయ్యిసార్లు ఇంటది. అది దానికి గాలి లెక్క. పల్లికాయ సప్పుడుకు తిరిగింది చూస్తివా? చెవులు మంచిగున్నయి."

మరి పిలిస్తే ఎందుకు తిరగదని అడిగాను.

"అది వేరే. దానికి పేరున్నది. నేను చెప్పొద్దు. నేను పెట్టె మోసేటోన్ని. పేరు మేడం చెప్తది."

అప్పటి నుంచి రోజూ మధ్యాహ్నం పిల్లను అక్కడికే తీసుకెళ్లాను. పేరు చెప్పలేదు గానీ, ఏం చెయ్యాలో మాత్రం చెప్పేవాడు. అదీ పాఠంలా కాదు, నేను ఏదైనా తప్పు చేసినప్పుడు. వెనక నుంచి పిలిస్తే, "ముంగటికి పోయి కూసో, దాని ఎత్తుకు వంగు" అనేవాడు. "అఖిలా, లే, చెప్పులేసుకో, పోదాం, లేటయితుంది" అని నేను గడగడ చెబితే, "ఐదు మాటలాయె. ఒక్కటి చెప్పు. చెప్పు చూపెట్టి చెప్పు. చెప్పి ఊకో" అనేవాడు. ఊరుకోవడమే నాకు కష్టంగా ఉండేది. ఆయన నా మొహం చూసి, "ఇంకా ఆగు" అనేవాడు. ఎంతసేపు ఆగాలో నాకు తెలిసేది కాదు. ఒకరోజు ఆగాను. పిల్ల లేచి, వెళ్లి, చెప్పు తెచ్చి నా ఒళ్లో పెట్టింది. ఐదేళ్లలో అది మొదటిసారి. అన్న, పరీక్షలు లేకున్నా, బిళ్లలు లెక్కపెట్టుకుంటున్నాడు. తల ఎత్తలేదు.

ఆ రోజుల్లో క్యాంపస్‌లో రోజూ డప్పులే. డప్పు మోగితే అఖిల చెవులు మూసుకుని అరిచేది, చెయ్యి కొరుక్కునేది. అంతకుముందు, చెవిటి పిల్ల డప్పుకు ఎందుకు అరుస్తుందని మాలో ఒక్కరికీ తోచలేదు. నేల అదిరితే తెలుస్తుందేమో అనుకున్నాం. అన్న డప్పు బొమ్మ ఒకటి అట్టముక్క మీద గీసి ఇచ్చాడు. ఊరేగింపు బయలుదేరే ముందు తనే మెస్ దాకా వచ్చి, కిటికీ దగ్గర నిలబడి, "చెల్లె, అద్దగంటకు వస్తున్నం" అని చెప్పి వెళ్లేవాడు. నేను అఖిలకు ఆ బొమ్మ చూపించి, చెవుల్లో దూది పెట్టి, సామాన్ల గదిలో కూర్చోబెట్టేదాన్ని. మూడోసారికి బొమ్మ చూడగానే అదే లేచి సామాన్ల గదికి నడిచింది.

అయితే మేడం రావడం లేదు.

మేడం వాళ్లది కోస్తా. తార్నాకలో ఇల్లు. క్యాంపస్‌లో గొడవలు పెరిగాక ఆమె రావడం మానేసింది. తర్వాత బంద్ అని అబ్బాయిలు డిపార్ట్‌మెంట్లన్నిటికీ తాళాలు వేశారు. ఆ తాళంచెవి అన్నకే ఇచ్చారు. నమ్మకమైన మనిషి, మనవాడు అని. రోజులు దగ్గర పడ్డాయి. శనివారం పొద్దున నేను అఖిలను తీసుకుని దీక్ష టెంట్ దగ్గరికి వెళ్లాను. అన్న నిరాహార దీక్షలో కూర్చున్న పిల్లలకు నీళ్లిస్తున్నాడు.

"అన్నా, ఎల్లుండి పంపుతున్రు" అన్నాను.

"మీ ఆయనకు చెప్పినవా పల్లికాయ సంగతి?"

"చెప్పిన. పల్లికాయ పెద్దదా, డాక్టర్ కాగితం పెద్దదా అన్నడు."

అన్న నీళ్ల జగ్గు కింద పెట్టి లేచాడు. తాళం తీయడానికి వెళ్తుంటే ఒక అబ్బాయి పరుగెత్తుకొచ్చాడు. మెడలో రుమాలు, గొంతు పోయి ఉంది.

"అన్నా, ఏందిది? మనమే ఏస్తిమి తాళం. నువ్వే తీస్తవా?"

"తీసి మళ్ల ఏస్తరా."

"రేపు ఇంకోడు వొచ్చి తీయమంటడు. బంద్ అంటే బంద్ గదనే?"

"బంద్ సర్కారుకు పెట్టినం. ఐదేండ్ల పిల్లకు పెట్టినమా?"

ఆ అబ్బాయి అఖిలను చూశాడు. అది డిపార్ట్‌మెంట్ గేటుకు వేసిన గొలుసు కడియాలను ఒక్కొక్కటే ముట్టుకుంటోంది. అతను గొలుసు లాగబోయాడు.

"ఆగు. పని నడుస్తున్నది" అన్నాడు అన్న.

అఖిల చివరి కడియం దాకా ముట్టుకునేవరకు ముగ్గురమూ నిలబడ్డాం. అప్పుడు ఆ అబ్బాయే తాళంచెవి తీసుకుని తాళం తీశాడు. "జల్దీ రా అన్నా. నేనీడ్నే ఉంట" అన్నాడు.

పెట్టె డిపార్ట్‌మెంట్ దాటి బయటికి పోకూడదు. ఆ రూలు బీరువా తలుపు మీద అతికించి ఉంది. అన్న తువ్వాలతో మూత తుడిచి, పెట్టె భుజానికెత్తుకుని, బీరువా తలుపు మూశాడు. ముగ్గురం తార్నాక వైపు నడిచాం.

యూనివర్సిటీ గేటు దగ్గర పోలీసులు అడ్డంగా కంచెలు పెట్టారు. ముందు రోజు విసిరిన రాళ్లు ఇంకా రోడ్డు మీదే ఉన్నాయి. కానిస్టేబుల్ ఒకతను చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఏందిది?"

"పెట్టె సార్."

"పెట్టెని నాకు గూడ కనబడ్తున్నది. లోపలేమున్నది?"

"బిళ్లలు."

"ఏం బిళ్లలు? రాళ్లా?" అని పెట్టె గుంజి, మూత తీసి తిరగేశాడు. యాభై రెండు బిళ్లలూ రోడ్డు మీద రాళ్ల మధ్య పడ్డాయి.

అన్న ముఖం అప్పుడు చూశాను. టియర్ గ్యాస్ కొట్టినప్పుడు కూడా ఆయన ముఖం అలా లేదు. వంగి ఏరబోయాడు. అంతలో అఖిల నా చెయ్యి విడిపించుకుని రోడ్డు మీద కూర్చుంది. ఎర్రవి ఒక వరుస. పచ్చవి ఒక వరుస. రాళ్లలో ఒక్కదాన్ని కూడా ముట్టుకోలేదు.

దూరం నుంచి ఎస్సై అరిచాడు. "ఏయ్, ఏం జరుగుతుందక్కడ?"

"పిల్ల సార్. బిళ్లలు పెడ్తున్నది" అన్నాడు కానిస్టేబుల్.

"లేపి పంపెయ్!"

కానిస్టేబుల్ వంగాడు. అన్న చెయ్యి ఎత్తాడు.

"ఆగుండ్రి సార్. పని నడుస్తున్నది."

కొడతారేమో అనుకున్నాను. అన్న జేబుకు జై తెలంగాణ బిళ్ల అలాగే ఉంది. కానిస్టేబుల్ ఆయన్ను చూశాడు, పిల్లను చూశాడు. "ఎంతసేపు?" అన్నాడు మెల్లగా.

"రెండు వరుసలు అయినయి. ఇంకో రెండు. మధ్యల లేపితే ఇవాళ్టికి ఇగ పరీక్ష లేదు సార్. సోమారం దీన్ని చెవిటి బడికి పంపుతున్రు. చెవులు మంచిగున్నయి దీనికి."

కానిస్టేబుల్ లాఠీ చంకలో పెట్టుకున్నాడు. ఒక స్కూటర్ వస్తే చెయ్యి అడ్డం పెట్టి ఆపాడు. నాలుగు వరుసలు అయ్యాక అఖిల తనే లేచి నా కొంగు పట్టుకుంది. అన్న బిళ్లలు పెట్టెలో వేశాడు. అక్కడ లెక్కపెట్టే వీలు లేదు.

మేడం తలుపు గొలుసు తియ్యకుండానే సందులోంచి చూసింది.

"మీరా! ఈ గొడవల్లో ఎలా వచ్చారండీ? అయ్యో, పెట్టె బయటికి తెచ్చారేంటి?"

"పిల్లను జర చూడాలె మేడం."

ఆమె చూపు ఆయన జేబు మీద పడింది. "రోజూ ఈ రోడ్డు మీంచి మమ్మల్ని పొమ్మని అరుస్తూ పోతారు. ఇవాళేమో పరీక్ష చెయ్యమంటారు. ఏం మనుషులండీ మీరు?"

"నేను అరవలే మేడం. ఎన్క నడిచిన."

"ముందు నడిచారు. మేడ మీంచి చూశాను."

అన్న నవ్వాడు. మేడం కూడా నవ్వేదే గానీ ఆపుకుంది.

"మా రాష్ట్రం మాక్కావాలె మేడం. గది గదే. మీరు గూడ కావాలె. గిది గిదే. సోమారం పిల్లను పంపిస్తున్రు."

ఆమె గొలుసు తీసింది. చాప వేసింది. కుక్కర్ విజిల్ వేస్తుంటే వెళ్లి స్టవ్ ఆర్పేసి వచ్చింది.

రెండు గంటలకు పైగా పట్టింది. సగంసేపు పిల్లను చూసింది, సగంసేపు నన్ను అడిగింది. అంతవరకు ఎవరూ అడగనివి అడిగింది. ఏదైనా కావాలంటే వేలు పెట్టి చూపిస్తుందా? లేదు, నా చెయ్యి పట్టుకుని బిందె మీద పెడుతుంది. తనకు నచ్చింది నీకు తెచ్చి చూపిస్తుందా? లేదు. నువ్వు నవ్వితే నీ వంక చూసి నవ్వుతుందా? నేను ఆలోచించాను. లేదని చెప్పడానికి చాలాసేపు పట్టింది. ఆమె తొందరపెట్టలేదు. అలా ఆగడం అన్న ఆమె దగ్గర నేర్చుకున్నాడో, ఆమే అన్న దగ్గర నేర్చుకుందో నాకు తెలియదు.

"దీన్ని ఆటిజం అంటారమ్మా" అంది చివరికి. "నీ వల్ల వచ్చింది కాదు. మందు వేస్తే పోయేది కాదు. నేర్పితే నేర్చుకుంటుంది, తన పద్ధతిలో. మాట ఎప్పుడొస్తుందో, ఎంత వస్తుందో నేను చెప్పలేను. చెవుల సంగతి కూడా నేను ఊరికే అనకూడదు. చెవుల ఆస్పత్రిలో మెషీన్‌తో పరీక్ష చేస్తారు, దానికి చీటీ రాస్తాను. అది తేలేదాకా ఎక్కడికీ పంపొద్దు."

ఆమె కాగితం రాస్తుండగా అన్న నేల మీద బిళ్లలు లెక్కపెట్టాడు. మళ్లీ లెక్కపెట్టాడు. మూడోసారి కూడా లెక్కపెట్టాడు.

"యాభై ఒకటి" అన్నాడు.

"పోన్లెండి, ఒక్కటేగా" అంది మేడం.

ఆయన తిరిగి వెళ్లేటప్పుడు కంచె దగ్గర రాళ్లన్నీ కదిపి చూశాడు. కానిస్టేబుల్ కూడా బూటుతో జరిపి వెతికాడు. పసుపుపచ్చది, మూడు మూలలది. దొరకలేదు.

ఆ సాయంత్రం మా ఆయన కాగితం రెండుసార్లు చదివాడు.

"గిన్నెకు తిరగదని నువ్వే చెప్తివి గదా?"

"నేనే చెప్పిన. తప్పు చెప్పిన."

అన్న ఇచ్చిన పల్లికాయల పొట్లం ఆయన ముందు పెట్టాను. అఖిల గోడ వైపు తిరిగి ఉంది. మా ఆయన ఒకటి తీసి చిదిమాడు. పిల్ల తిరిగింది. ఇంకోటి చిదిమాడు. తిరిగింది. పొట్లం అయిపోయేదాకా ఒక్కొక్కటే చిదుముతూ కూర్చున్నాడు. గింజలు తినలేదు, ఒళ్లో పోసుకున్నాడు. సోమవారం ఆయన పనికి వెళ్లాడు. అఖిల నాతో మెస్‌కు వచ్చింది. తర్వాత చెవుల ఆస్పత్రిలో మెషీన్ కూడా అదే చెప్పింది.

బంద్ అయిపోయి డిపార్ట్‌మెంట్ తెరిచాక అన్నకు మెమో ఇచ్చారు. పెట్టె ఎందుకు బయటికి తీశావు, బిళ్ల ఎలా పోయింది అని. తనే తెమ్మన్నానని రాసి ఇస్తానంది మేడం.

"మీరు తెమ్మనలే గద మేడం" అన్నాడు.

జవాబు రెండు ముక్కల్లో రాశాడు. పెట్టె నేనే తీసినాను. బిళ్ల ఒకటి పోయినది. ఆయన్ను పరీక్ష పేపర్ల విభాగానికి మార్చారు. రిటైర్ అయ్యేవరకు ఆన్సర్ పేపర్ల కట్టలు మోశాడు. అక్కడికి పిల్లలు రారు.

వెళ్లే ముందు పోయిన బిళ్లకు బదులు చెక్కతో ఒకటి తయారు చేశాడు. రంగు మా ఆయనే వేశాడు. చూస్తే ఏది పాతదో ఏది కొత్తదో నాకు తెలిసేది కాదు. నేర్పడానికి మేడం పెట్టె తెరిచిన ప్రతిసారీ అఖిల మొదట ఆ బిళ్ల తీసి పక్కన పెట్టేది. "మనం సర్కారును మోసం జెయ్యొచ్చు గని దీన్ని జెయ్యలేం" అన్నాడు అన్న. ఆయన అంత నవ్వడం నేను మళ్లీ చూడలేదు.

మంగళవారం మధ్యాహ్నాలు మా మెస్ పెరట్లోకి వచ్చేవాడు. అఖిల పక్కన, పక్కకు తిరిగి కూర్చుని పల్లికాయలు ఒలిచేవాడు. అఖిలకు ఎనిమిదో ఏడు నడుస్తుండగా ఒక మంగళవారం అది గింజలు వరుసగా పెట్టుకుంటోంది. ఆయన ఏ ధ్యాసలో ఉన్నాడో, వరుస మధ్యలో చెయ్యి పెట్టాడు.

"ఆగు" అంది అఖిల.

నేను గిన్నె తోముతున్నాను. అంతవరకు దాని నోట ఒక్క మాట వినలేదు. అన్న చెయ్యి వెనక్కి తీసుకుని ఒళ్లో పెట్టుకున్నాడు. "ఆగిన" అన్నాడు. వరుస పూర్తయ్యేదాకా అలాగే కూర్చున్నాడు.

తెలంగాణ వచ్చిన రోజు క్యాంపస్ అంతా డప్పులే. ఆ రోజు కూడా అద్దగంట ముందు కిటికీ దగ్గరికి వచ్చి చెప్పి వెళ్లాడు.

ఇప్పుడు అఖిలకు ఇరవై ఏళ్లు. నాతోపాటే మెస్‌లో పని చేస్తుంది. కంచాలు, గ్లాసులు, కూరగాయలు అన్నీ అదే వేరు చేస్తుంది. మాటలు తక్కువ, ఉన్నవి సరిపోతాయి. ఆయన లేడని దానికి ఎలా చెప్పాలో తెలియలేదు. పల్లికాయ చూపించి, ఒక్క మాటే చెప్పి ఊరుకున్నాను. అది పల్లికాయ తీసుకుని జేబులో పెట్టుకుంది.

పదకొండో రోజు మౌలాలి వెళ్లాం. చిన్న ఇల్లు, నిండా జనం. మేడం కూడా వచ్చింది, జుట్టు పూర్తిగా తెల్లబడింది. భోజనాలయ్యాక చూస్తే అఖిల నా పక్కన లేదు. బయట గడప దగ్గర కూర్చుని ఉంది. వచ్చినవాళ్ల చెప్పులన్నీ ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. జతలు వెతికి వరుసలో పెడుతోంది. నల్లవి ఒక వరుస, ఎర్రవి ఒక వరుస.

వెళ్లిపోదామని లేచిన వాళ్లు గడప లోపల నిలబడిపోయారు. ఒక పెద్దాయన బస్సు టైమవుతోందని వంగి తన చెప్పు అందుకోబోయాడు.

"ఆగు" అంది అఖిల, తల ఎత్తకుండా.

ఆయన కోపంగా చుట్టూ చూశాడు. "ఎవల పిల్ల ఇది?" అన్నాడు.

నేను లేచేలోపు లోపల్నుంచి అన్న భార్య వచ్చింది. పదకొండు రోజుల ఏడుపుకు గొంతు పోయింది. ఆ పెద్దాయన భుజం మీద చెయ్యి వేసింది.

"ఆగు బావా" అంది. "పని నడుస్తున్నది."